తుపాను గిట్టముద్ర

చచ్చిపోయిన గుర్రాలు ఉలవలు తింటున్నాయని రాజధానిలో ఎవరో కనిపెట్టారు. ఎక్కడో ఒక జిల్లాలో పదకొండు గుర్రాలు చచ్చి ఎనిమిదేళ్ళయినా, తలకు రోజుకు మూడు కిలోల చొప్పున ఇప్పటికీ తింటూనే ఉన్నాయట. చచ్చాక వాటికి అరుగుదల బాగా కుదిరిందన్నమాట. తిన్న మనుషుల్ని పట్టుకోవడం అంత తేలిక కాదు కాబట్టి, బతికున్న గుర్రాల్ని పట్టుకోవాలని నిర్ణయం జరిగింది. దాని పేరు అశ్వ అస్తిత్వ ధ్రువీకరణ పథకం. ఇకనుంచి ప్రతి ప్రభుత్వ గుర్రమూ రోజూ పొద్దున ఒక మిషను మీద గిట్ట మోపి, తాను తానేనని రుజువు చేసుకోవాలి. రుజువైతేనే ఉలవలు.

రాళ్ళపేట ప్రభుత్వ అశ్వశాలలో ఒకప్పుడు పన్నెండు గుర్రాలుండేవి. ఇప్పుడున్నది ఒక్కటే. పేరు తుపాను. తొమ్మిదేళ్ళ ఆడగుర్రం, గోధుమరంగు. పేరుకు తుపానేగానీ పెద్దముత్తైదువంత నెమ్మది. ఆగస్టు పదిహేనున పెరేడు మైదానంలో జెండా ముందు నడవడం దాని ఉద్యోగం. దాన్ని తోమడం, మేపడం, గిట్టలు కోసి లాడాలు కొట్టడం ఫకీరప్ప ఉద్యోగం. వెనక ఇవి ఇద్దరు మనుషుల పనులు. ఒకాయన రిటైరు కాగానే రెండో పని కూడా ఈయన నెత్తినే పడింది.

ఫకీరప్పకు యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళుగా ఆకురాయి పట్టి గిట్టలు అరగదీస్తుంటే, గిట్టలతోపాటు ఆయన వేళ్ళూ అరిగి నున్నబడిపోయాయి. రేషను షాపు మిషను మీద ఆయన బొటనవేలు పెడితే పలకదు. నెలనెలా బియ్యం వచ్చేది ఆయన పెళ్ళాం మాబున్ని వేలితోనే.

"ఈ ఇంట్లో మొగుడనేవాడు ఉండాడని నేను చెప్తే నమ్మాల్సిందే. మిషనైతే నమ్మదు" అని ఆమె వీధంతా వినేట్టు అంటుంది.

ముద్రలు తీసే రోజు రాజధాని నుంచి నిశ్చల్ అనే కుర్ర సలహాదారు వచ్చాడు. మెడలో మూడు గుర్తింపు కార్డులు. చేతిలో నల్లటి అద్దం బిగించిన పెట్టె. అది గుర్రం కుడి ముందుగిట్ట కొన అంచును చదువుతుందట. కొన చాలు, మిగిలిన గుర్రంతో దానికి పని లేదట.

సరిగ్గా ఆ రోజుకు తుపాను గిట్టలు చూడరానంతగా పెరిగి ఉన్నాయి. లాడం మేకులు లేకుండా మూడు నెలలు గడిచాయి; కోసిన గిట్టకు వెంటనే లాడం పడాలి కాబట్టి కొయ్యడమూ ఆగిపోయింది. అవి వచ్చింది ఆ పొద్దునే. ఫకీరప్ప గిట్టకత్తి నూరుకుని ఎదురు పోయాడు.

"ఒక్క గంట ఆగు నాయనా. గిట్టలు పెరిగిపోయిండాయి. కోసి, లాడాలు కొట్టినాక తీసుకో ముద్ర."

"గంట ఆగితే మన జిల్లా లక్ష్యం తప్పుతుంది అంకుల్. ఇవాళ పన్నెండున్నరలోపు నూటికి నూరు శాతం గుర్రాలు నమోదు కావాలి."

"ఉండేది ఒక్కటే కదప్పా."

"అందుకే. ఇది తప్పితే సున్నా శాతం." కుర్రవాడు పెట్టె నేలమీద పెట్టాడు. "అయినా మీరు భయపడక్కర్లేదు. ప్రపంచంలో ఏ రెండు గిట్టలూ ఒకలా ఉండవు."

"పోయిన నెలా ఈ నెలా ఒక్క గిట్టే ఒకతీరుగా ఉండదు నాయనా!" అన్నాడు ఫకీరప్ప.

నిశ్చల్ ఆ మాట ఫోనులో రాసుకుని, అది తన పరిధిలోకి రాదన్నాడు. పన్నెండూ ఇరవైకి తుపాను అద్దం మీద కాలు మోపింది. మిషను ఈల వేసి "స్వాగతం, తుపాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తుపాను మాత్రం ఇంత అట్టహాసం దేనికో తెలియక లద్దె వేసింది.

మర్నాడు ఫకీరప్ప లాడాలూ మేకులూ పరుచుకుని, గుర్రం కాలు తన తొడల మధ్య బిగించుకుని కత్తి ఆనించాడో లేదో, హెడ్ క్లర్కు సుంకన్న ఆఫీసులోంచి ఒక్క పరుగున వచ్చాడు.

"ఫకీరప్పా! నీకు దండం పెడతా, ఆ కత్తి కింద పెట్టబ్బా! సార్ పిలుస్తాండాడు."

అశ్వశాల పర్యవేక్షణాధికారి శేషశయనం గారు గుర్రాలకు బాగా దూరంగా ఉండే మనిషి. వాటి వాసన పడదు. కానీ ఉత్తర్వుల వాసన పడుతుంది. కొత్త ఉత్తర్వు ముందు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"ఫకీరప్పా, నిన్న పన్నెండూ పంతొమ్మిది వరకు అది గిట్ట. పన్నెండూ ఇరవై నుంచి అది అస్తిత్వ ఆధారం. ఆధారాన్ని కోయుట, గీకుట, నూరుట, లేదా అందుకు ప్రోత్సహించుట శిక్షార్హం. అంచులో అయిదు శాతం తేడా వచ్చిందంటే ఆ గుర్రం ఈ గుర్రం కాదు."

"కొయ్యకపోతే కాళ్ళు పోతాయి సార్. అది ఇప్పటికే మడమల మీద నడుస్తాంది. నరాలు లాగుతాండాయి దానికి."

"కాళ్ళు ఉత్తర్వులో లేవు."

"కొయ్యకపోయినా గిట్ట పెరుగుతాది కద సార్. అప్పుడూ తేడా వస్తాది."

శేషశయనం గారు కళ్ళద్దాలు తీశాడు. ఈ గిట్టలనేవి పెరుగుతాయన్న సంగతి ఉత్తర్వు రాసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు రోజులు రాజధానికి ఉత్తరాలు పోయాయి, వచ్చాయి. మూడో రోజున సవరణ వచ్చింది: "నమోదు చేయబడిన గిట్ట నమోదు చేయబడిన స్థితిలోనే నిర్వహించబడవలెను. అది పెరగరాదు, తరగరాదు. మిగిలిన మూడింటికీ ఇదే వర్తించును."

దానికొక అట్ట కూడా జతచేశారు. నమోదు రోజున తుపాను గిట్ట ఎంత వికారంగా ఉందో అంత వికారంగానూ కత్తిరించిన అట్ట. ప్రతి సోమవారం ఆ అట్ట పక్కన పెట్టుకుని, వారంలో పెరిగిన బియ్యపుగింజ మందాన్ని మాత్రం ఫకీరప్ప ఆకురాయితో తీసేయాలి. అంతకు మించి ఒక్క పొట్టు రాలకూడదు. సుంకన్న పక్కనే కుర్చీ వేసుకుని చూస్తాడు. ముప్పై నాలుగేళ్ళ పనితనమంతా పెట్టి, చెడిపోయిన గిట్టను చెడిపోయినట్టే కాపాడసాగాడు ఫకీరప్ప. ఇంత కష్టమైన పని తన బతుకులో చెయ్యలేదు. ఇంత పాపిష్టి పనీ చెయ్యలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ సంగతంతా చెప్పాడు.

"నీ కాలిగోరు జానెడు పెరిగితే నడుస్తావా నువ్వు?" అంది మాబున్ని. "ఆ సారును ఒక నెల గోర్లు తీసుకోవద్దని చెప్పు. బూట్లు తొడుక్కోమను. అప్పుడు తెలుస్తాది."

"ఆయప్ప గోర్లకు ఉత్తర్వు రాలేదులే."

"వస్తాదిలే, రాకుండా యాడికి పోతాది" అని ఆమె మజ్జిగ పోసింది.

జూలై వచ్చేసరికి తుపాను నడక మారింది. నాలుగు అడుగులు వేసి ఆగేది. ఆగినప్పుడల్లా ఫకీరప్ప భుజం మీద గడ్డం ఆనించేది. చివరికి పశువైద్యురాలు హైమవతి గారిని బతిమాలి పిలుచుకొచ్చాడు. ఆమె గుర్రం కాళ్ళు ముట్టుకుని చూసి, కాగితం మీద మూడు వాక్యాలు రాసింది. పదిహేను రోజుల్లో గిట్టలు కోయాలి. కోయకపోతే నరాలు శాశ్వతంగా చెడతాయి. అటుపైన ఈ గుర్రం నడవదు.

శేషశయనం గారు మూడు వాక్యాలూ మూడుసార్లు చదివాడు. "డాక్టరు గారూ, కోతకు మాకు అభ్యంతరం లేదు. కోసిన తర్వాత కొత్తగా నమోదు చేయాలి. కొత్త నమోదుకు పాత నమోదు రద్దు కావాలి. రద్దుకు కారణాల గడి ఒక్కటే ఉంది. మరణం. కాబట్టి మీరు తుపానుకు మరణ ధ్రువపత్రం ఇప్పించినట్లయితే, దాని ఆరోగ్యానికి తక్షణం చర్యలు తీసుకుంటాం."

"గుర్రం బతికుంది సార్. కిటికీలోంచి మిమ్మల్నే చూస్తోంది."

"అది దాని వ్యక్తిగత విషయం. నేను గడి గురించి మాట్లాడుతున్నాను."

హైమవతి గారు లేచి పోయింది. బతికున్నదానికి చావు రాయడం తనవల్ల కాదంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత ఫకీరప్ప చిన్నప్పటినుంచీ వింటున్నదే. దానికింత పెద్ద ఆఫీసు ఉంటుందని మాత్రం ఎరగడు.

డాక్టరు చెప్పిన పదిహేను రోజుల్లో పదమూడో రోజు మధ్యాహ్నం తుపాను నీళ్ళతొట్టి దాకా పోలేకపోయింది. నడిమధ్యలో ముందుకాళ్ళు మడుచుకుని కూలబడి, లేవడానికి రెండుసార్లు చూసి, మానుకుంది. తొట్టి అక్కడికి పది అడుగులు. ఫకీరప్ప బకెట్టుతో నీళ్ళు తెచ్చి తాపాడు. అది తాగి ఆయన ముఖంలోకి చూసింది. అంతే, ఆయనకు ఉత్తర్వుల మీదా సవరణల మీదా ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది.

"థూ! నా బతుకు!" అని లేచి కత్తి తెచ్చాడు.

సుంకన్న భోజనానికి పోయాడు. ఫకీరప్ప గుర్రాన్ని మెల్లగా లేపి, గోడకు ఆనించి నిలబెట్టి, కుడి ముందుకాలు ఎత్తాడు. పెరిగిన అంచును పట్టకారుతో కరకర కోశాడు. లోపలి మట్టీ చెత్తా తీశాడు. అడుగుభాగం సమంగా చెక్కి, ఆకురాయి పట్టి, అరచేత్తో తడిమి చూసుకున్నాడు. వేలికి గీతలు లేకపోయినా గిట్టలో వెంట్రుకవాసి ఎత్తుపల్లం దానికి తెలుస్తుంది. లాడం ఆనించి ఏడు మేకులు కొట్టాడు. ఒక్కటీ కండలో దిగలేదు. అలా నాలుగు కాళ్ళూ అయ్యేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది.

తుపాను ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. తర్వాత తొట్టిదాకా తనే నడిచిపోయి, నీళ్ళలో మూతి పెట్టి బుర్రుమంది. ఫకీరప్పకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు కాబట్టి ఏడ్చాడు. తర్వాత కోసిన ముక్కలన్నీ తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. మల్లెచెట్టు మొదట్లో గిట్టముక్కలు పూడిస్తే విరగబూస్తుందని మాబున్ని నమ్మకం.

మర్నాడు పొద్దున తుపాను అద్దం మీద కాలు మోపగానే మిషను ఎర్రబడింది. "ఈ జీవి నమోదులో లేదు" అంది. మూడుసార్లు మోపించారు. మూడుసార్లూ అదే మాట.

గంటలో శేషశయనం గారి మెమో వచ్చింది. ప్రభుత్వ గుర్రం తుపాను కనబడుట లేదు. దాని కొట్టంలో గుర్తుతెలియని గుర్రమొకటి అక్రమంగా ప్రవేశించి యున్నది. రెంటికీ సంజాయిషీ ఇవ్వవలెను.

"ఇదే సార్ తుపాను!" అన్నాడు ఫకీరప్ప. "గిట్టలు కోసినా. తప్పు నాదే. నన్నేమన్నా చెయ్యండి, దీన్ని మాత్రం ఉపాసం పెట్టొద్దు."

"తుపాను అని నువ్వంటున్నావు. మిషను కాదంటోంది. నువ్వు లంచం తీసుకునే అవకాశం ఉంది. మిషనుకు లేదు."

ఫకీరప్ప తువ్వాలు మూట విప్పి బల్లమీద పోశాడు. "సూడండి సార్, దీని కాళ్ళకు కోసిన ముక్కలే. కాలికి ఆనిస్తే అతుక్కున్నట్టు సరిపోతాయి. సాక్ష్యం ఇంకేం కావాల?"

సుంకన్న వాటిలోంచి నెలవంకలా వంగిన పెద్ద ముక్క తీశాడు. కుడి ముందుగిట్ట కొనది. అటూ ఇటూ తిప్పి, ఏం చెయ్యాలో తోచక పక్కనే ఉన్న మిషను అద్దం మీద పెట్టాడు.

మిషను ఈల వేసింది. "స్వాగతం, తుపాను. హాజరు నమోదైంది."

కొట్టంలోంచి తుపాను సకిలించింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

"దొరికింది" అన్నాడు శేషశయనం గారు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. "రాసుకో సుంకన్నా. అశ్వం క్షేమం. ఆచూకీ లభ్యం. ఫకీరప్ప మీది మెమోలో మొదటి సగం ఉపసంహరించడమైనది."

ఆ రోజునుంచి తుపాను ఆఫీసులో ఎర్ర మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో ఉండసాగింది. పొద్దున ఎనిమిదింటికి అద్దం మీద పెడితే హాజరు. మూడు కిలోల ఉలవలు తూచి పెట్టె ముందు పోసేవారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు గదా, ఇక్కడ గుర్రమే లేకపోయినా తక్కువ చెయ్యలేదు. పగలంతా అది తినడం లేదని నాలుగో రోజున హైమవతి గారికి కబురు పోయింది. ఆమె వచ్చి, గిట్టముక్కను చేతిలోకి తీసుకుని చూసి, పుస్తకంలో "పరీక్షించితిని. కుంటుట లేదు" అని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

నిశ్చల్ రాజధాని నుంచి ఫోను చేసి మురిసిపోయాడు. రాష్ట్రం మొత్తంలో సున్నా శాతం తేడాతో హాజరవుతున్న గుర్రం తుపాను ఒక్కటేనట. రోగం లేదు, సెలవు లేదు, లద్దె లేదు. అన్ని జిల్లాలూ ఇదే పద్ధతి పాటించాలని పై వారం ఉత్తర్వు వచ్చింది. గుర్రాలను మిషను దాకా నడిపించే శ్రమ తప్పుతుంది, గిట్టముక్క పంపితే చాలు. ఆ పై వారమే, వెనక చచ్చిన పదకొండు గుర్రాలూ నమోదై, వాటికీ హాజరు పడసాగింది. వాటి గిట్టలు ఎవరో ముందుచూపున్న మనిషి దాచి ఉంచాడట. పథకం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైనట్టు ప్రకటించారు.

కొట్టంలో ఉన్న గుర్రం సంగతి మాత్రం తేలలేదు. రోజూ సాయంత్రం పెట్టె ముందున్న ఉలవలు ఫకీరప్ప ఎత్తుకెళ్ళి దానికి పెడుతున్నాడు. అది సుంకన్నకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. కానీ ఒకరోజు శేషశయనం గారే చూశాడు.

"గుర్తుతెలియని గుర్రం తుపాను ఆహారాన్ని అపహరిస్తోంది! ఇది ఎంత కాలంగా జరుగుతోంది?" అన్నాడు.

నోటీసు అంటించారు. మూడు రోజుల్లో హక్కుదారు ఎవరైనా వచ్చి వేలిముద్ర వేసి తీసుకుపోవాలి. లేకపోతే గుర్రాన్ని మునిసిపాలిటీ బందెలదొడ్డికి తోలేస్తారు. బందెలదొడ్డి అంటే ఏమిటో ఫకీరప్పకు తెలుసు. నీడ లేదు, తొట్టి లేదు. పోయిన ఎండాకాలం తోలిన రెండు కంచరగాడిదలు ఇక బయటికి రాలేదు.

మూడో రోజు ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకొచ్చాడు.

"సార్, ఆ గుర్రం నాది" అన్నాడు.

అది పచ్చి అబద్ధం. అయినా ఆ గదిలో కొన్ని నెలలుగా పలికిన మాటలన్నిటిలోకి అదే నిజానికి దగ్గరగా ఉంది.

శేషశయనం గారు ఎంతో సంతోషించాడు. "ముందే చెప్పొచ్చు కదయ్యా! సమస్య పరిష్కృతమైంది. సుంకన్నా, హక్కుదారు ధ్రువీకరణ కానివ్వు."

మనుషుల మిషను కూడా ఆ వారమే వచ్చింది. ఫకీరప్ప కుడి బొటనవేలు పెట్టాడు. ఎర్రబడింది. తువ్వాలుతో తుడిచి పెట్టాడు. ఎడమ వేలు పెట్టాడు. కొబ్బరినూనె రాసి పెట్టాడు. పది వేళ్ళూ అయ్యాయి. పదిసార్లూ మిషను "ఈ వ్యక్తి నమోదులో లేరు" అంది.

"నేను ఫకీరప్పనని నీకు తెల్దా సుంకన్నా?"

"నాకు తెలుసబ్బా. ఇరవై ఏండ్లనుంచి తెలుసు. మిషనుకు తెల్దు." సుంకన్న గొంతులో ఎగతాళి లేదు. నిజంగా సాయం చెయ్యాలనే అడిగాడు. "నీ వేలిది పాత ముక్కేమన్నా ఇంట్లో ఉందా అప్పా? ఉంటే తీసుకురా. పెట్టి చూద్దాం."

ఫకీరప్ప తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"యాడుంటాది సుంకన్నా? అంతా ఈ గుర్రాల కాళ్ళ కాడనే రాలిపాయె."

శేషశయనం గారు కొత్త ఉత్తర్వు పుస్తకం తిరగేసి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. ఈ ప్రాంగణంలో నమోదులో లేని జీవులు రెండున్నట్లు తేలింది. ఒకటి గుర్రం, రెండవది మనిషి. నమోదులో లేని మనిషి నమోదులో లేని గుర్రం మీద హక్కు కోరడానికి లేదు. అలాగని గుర్రాన్ని బందెలదొడ్డికి తోలి సంతకం పెట్టవలసిన కాపరీ నమోదులో లేడు. కాబట్టి రెండూ గంటలోపు గేటు దాటిపోవలెను.

ఫకీరప్ప కొట్టంలోకి పోయి పగ్గం విప్పాడు. గిట్టకత్తి, ఆకురాయి, సుత్తి సంచిలో వేసుకున్నాడు. అట్టను అక్కడే వదిలేశాడు.

గేటు దగ్గర జీపు అడ్డమొచ్చింది. పెరేడు రిహార్సలుకు తుపానును తీసుకుపోతున్నారు. వెనక సీట్లో మఖమలు పెట్టె, దాని మీద చిన్న గొడుగు. సెంట్రీ బూట్లు కొట్టి పెట్టెకు సెల్యూటు చేశాడు. జీపు పోయాక పుస్తకం తెరిచి, ఫకీరప్పనూ గుర్రాన్నీ చూశాడు.

"ఎవురు పోతాండారని రాయాల అన్నా?"

"మేమిద్దరమూ లేమన్నారప్పా ఆఫీసులో."

సెంట్రీ గడులన్నీ పైనుంచి కిందిదాకా చూశాడు. లేనివాళ్ళకు గడి కనబడలేదు. పుస్తకం మూసి, గేటు బార్లా తీశాడు. సిమెంటు రోడ్డు మీద నాలుగు లాడాలూ టకటకమని ఒక్క తీరుగా మోగాయి. ఎక్కడా కుంటు లేదు. నెలల తర్వాత ఆ చప్పుడు విని ఫకీరప్ప ముఖం విప్పారింది. రేపు దీనికేం పెట్టాలో, తనేం తినాలో తెలియదు. అయినా సంతోషం ఆగలేదు.

ఇంటి ముందు చప్పుడు విని మాబున్ని లోపలినుంచి కేకేసింది.

"ఎవురొచ్చింది?"

"ఎవురూ రాలేదే" అన్నాడు ఫకీరప్ప. "నేనూ, తుపానూ."

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మొగుణ్ణి చూడలేదు. ముందు గుర్రం కాళ్ళ వంక చూసింది. వంగి కుడి గిట్ట మీద చెయ్యి వేసి, మేకు మేకూ తడిమింది. తర్వాత లోపలికి పోయి, గుగ్గిళ్ళకని ఉడకేసిన ఉలవలన్నీ బేసిన్లోకి ఎత్తి తెచ్చి దాని ముందు పెట్టింది.